కత్తెర తాకని కేశం, దాన్ని కాచే పాగా

1699 వైశాఖి పండుగ నాడు పంజాబ్‌లోని ఆనంద్‌పూర్‌లో సిక్కుల పదవ గురువు గోవింద్ సింగ్ కత్తి దూసి, తల ఇచ్చేవారు ఎవరని అడిగినప్పుడు ఒకరి తరువాత ఒకరుగా ఐదుగురు లేచారని సిక్కు సంప్రదాయం చెబుతుంది. లాహోర్‌కు చెందిన ఖత్రీ అనే వర్తక కులంవాడు, హస్తినాపురం జాట్, పూరీలో నీళ్ళు మోసే కులంవాడు, ద్వారకలో బట్టలకు అద్దకం వేసే ఇంటివాడు, చివరగా సాహిబ్ చంద్. ఈ సాహిబ్ చంద్‌ది బీదర్, కులవృత్తి క్షౌరం. బీదర్ మనకు దూరపు ఊరేమీ కాదు. జహీరాబాద్ దాటితే వచ్చే పట్టణం, 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్న జిల్లా కేంద్రం. తరతరాలుగా ఇతరులకు క్షౌరం చేసిన ఇంట్లో పుట్టినవాడు, ఇకమీదట ఏ కత్తీ తన జుట్టును తాకదని ప్రమాణం చేసిన తొలి ఐదుగురిలో ఒకడయ్యాడు. చరిత్ర చెప్పేవారు ఈ సంగతిని ఒక వివరంగా ప్రస్తావించి దాటిపోతారు. నా దృష్టిలో సిక్కుల కేశాల గురించి అడగవలసిన అసలు ప్రశ్న అక్కడే ఉంది.

సాధారణంగా వినిపించే జవాబు సులువైనది: జుట్టు దేవుడు ఇచ్చింది, ఇచ్చిన రూపాన్ని మార్చే హక్కు మనిషికి లేదు. ఇది తప్పు కాదు. సిక్కులు 'హుకం' అని పిలిచే దైవసంకల్పానికి తలవంచడం ఆ మతానికి మూలసూత్రం కాబట్టి, పుట్టిన రూపాన్ని పుట్టినట్టే ఉంచుకోవడం ఆ విధేయతకు ఒంటి మీద కనిపించే గుర్తు. అయితే గోళ్ళు కూడా దేవుడు ఇచ్చినవే కదా, వాటిని ఎందుకు తీస్తున్నారని ఎవరైనా ఎదురడిగితే ఈ జవాబు తడబడుతుంది. వెంట్రుకకే అంత బరువు ఎలా వచ్చిందో తెలియాలంటే, ఆ కాలపు ఉత్తరాదిలో వెంట్రుక తీయడమంటే ఏమిటో చూడాలి.

అంతకన్నా ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. బయటివారికి సిక్కు అనగానే తలపాగా గుర్తుకు వస్తుంది. కానీ ఆ 1699 దీక్షతో ఏర్పడిన ఖాల్సా అనే దీక్షాపరుల సమూహంలో చేరినవారు తప్పక ధరించవలసిన ఐదు 'క'కారాలలో తలపాగా లేదు. ఆ ఐదూ కేశ్, కంఘా అనే చెక్క దువ్వెన, కడా అనే ఉక్కు కడియం, కఛేరా అనే పొట్టి లోదుస్తు, కిర్పాన్ అనే ఖడ్గం. అంటే కేశం వ్రతమైతే, దస్తార్ అనే తలపాగా ఆ వ్రతానికి కాపు. గురుద్వారాల నిర్వహణ చూసే శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ 1945లో ఆమోదించిన రహిత్ మర్యాదా అనే ఆచార నియమావళి ఈ రెండింటినీ వేర్వేరుగానే చూస్తుంది. ఏ రూపంలోనైనా వెంట్రుకలు తీయడాన్ని అది నాలుగు మహాదోషాలలో మొదటిదిగా లెక్కిస్తుంది. పొగాకు, వ్యభిచారం, హలాల్ పద్ధతిలో కోసిన మాంసం మిగిలిన మూడు. దుస్తుల విషయంలో మాత్రం కఛేరా, పాగా తప్ప సిక్కుకు వేరే నిర్బంధం లేదని, స్త్రీలు పాగా కట్టుకోవచ్చు, మానవచ్చు అని చెప్పి ఊరుకుంటుంది. ఇక్కడ కూడా భిన్నాభిప్రాయం ఉంది. జుట్టు ఒంట్లో భాగమే కదా, పుట్టుకతో ఉన్నదాన్ని 'ధరించడం' ఏమిటని అఖండ్ కీర్తనీ జథా అనే సిక్కు వర్గం వారు వాదిస్తారు. వారి లెక్కలో ఐదింటిలో ఒకటి కేశం కాదు, దాని మీద కట్టే కేస్కీ అనే చిన్న పాగా. అది స్త్రీ పురుషులిద్దరికీ తప్పనిసరి.

సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్ ఏమి చెబుతుందని వెతికేవారికి మరొక ఆశ్చర్యం ఎదురవుతుంది. జుట్టు కత్తిరించరాదనే సూటి నిషేధం అందులో కనిపించదు. పైగా అందులో చేరిన కబీర్ శ్లోకం ఒకటి, ప్రేమ ఒక్కడి మీద నిలిస్తే చాలు, ఆపైన జుట్టు బారెడు పెంచినా గుండు చేయించుకున్నా ఒకటేనంటుంది. మరోవైపు అయిదవ గురువు అర్జన్ తన కేశాలనే వింజామరగా చేసి సాధువులకు వీస్తానని ఒక చోట, చెక్కుచెదరని రూపం, తల మీద దస్తార్ అని మరొక చోట పాడారు. మహారాష్ట్ర భక్తకవి నామదేవ్ తన దేవుడిని చూసి, నీ పాగా ఎంత బాగుంది, నీ మాటలు ఎంత తీయన అని మురిసిపోతాడు. ఈ పంక్తులను పక్కపక్కన పెట్టి వైరుధ్యం పట్టుకున్నామనుకోవడం తొందరపాటే అవుతుంది. కబీర్ ఎగతాళి చేసింది జడలు పెంచితేనో బోడి చేయించుకుంటేనో మోక్షం దక్కుతుందనుకునే సన్యాసి వేషాన్ని. ఖాల్సా కేశం ఆ వేషానికి కొనసాగింపు కాదు, దానికి ఎదురు నిలిచినది.

అప్పటి సమాజంలో మనిషి తలకు, క్షౌరకత్తికి ఉన్న సంబంధం ఇష్టాయిష్టాల వ్యవహారం కాదు. పుట్టువెంట్రుకలు తీయడానికి ఒక సమయం, ఉపనయనానికి ఒక సమయం, తండ్రి పోయినప్పుడు తప్పనిసరిగా ఒక సమయం, ఇల్లు విడిచి సన్యాసం పుచ్చుకునేటప్పుడు మరొక సమయం ఉండేవి. ఎప్పుడు, ఎవరు, ఎవరి చేత తీయించుకోవాలో కులధర్మం నిర్ణయించేది. మైల పట్టడం, మైల విడవడం అనే లెక్క అంతా ఈ క్షౌరాల చుట్టూ అల్లుకుని ఉండేది. కర్మలు చేసిన కొడుకు తల చూసి ఆ ఇంట్లో ఏం జరిగిందో ఊరు గ్రహించడం మన తెలుగు ఇళ్ళకూ కొత్త కాదు. అలాంటి వ్యవస్థలో ఒక మనిషి, ఇక ఎప్పుడూ, ఎవరు పోయినా, నా తల మీద కత్తి పడదు అన్నాడంటే, అతడు జుట్టు గురించి మాత్రమే మాట్లాడటం లేదు. పుట్టుక నుంచి చావు దాకా తనను కులానికి కట్టిపడేసిన కర్మకాండ నుంచే తప్పుకుంటున్నాడు.

ఇది నేడు కూర్చుని ఊహించిన అర్థం కాదు. గురు గోవింద్ సింగ్ ఆస్థానంతో సంబంధమున్న సైనాపతి అనే కవి 18వ శతాబ్దంలో రాసిన గుర్‌శోభలో, పంజాబీలు 'భద్దర్' అని పిలిచే మరణక్షౌరాన్ని మానుకోవాలన్న ఆదేశం ప్రముఖంగా కనిపిస్తుంది. ఆ ఆదేశాన్ని పాటించినందుకు ఢిల్లీ ఖత్రీలలో పెద్ద గొడవ రేగిందని, కులపెద్దలు ఎదురుతిరిగి బజారు మూతపడేదాకా వ్యవహారం వెళ్ళిందని ఆ కావ్యం వర్ణిస్తుంది. గడ్డం పెంచుకున్నందుకు ఎవరూ బజారు మూయరు. బాధ పుట్టినది కులం గీత దాటిన చోట. ఇప్పుడు సాహిబ్ చంద్ వైపు తిరిగి చూస్తే ఆయన స్థానం ఎంత విచిత్రమైనదో తెలుస్తుంది. మిగిలిన నలుగురూ కత్తికి తల వంచడం మానుకున్నారు. ఆయన మాత్రం కత్తి పట్టడం కూడా మానుకున్నాడు.

సన్యాసి కూడా కులాన్ని వదిలేస్తాడు కదా అని అనవచ్చు. నిజమే, కానీ అతడు సంసారాన్ని కూడా వదిలేస్తాడు. గుండు దానికి గుర్తు. సామాజిక శాస్త్రవేత్త జె.పి.ఎస్. ఉబెరాయ్ 1960లలో ఈ ముడిని బాగా విప్పారు. సన్యాస దీక్షలో జుట్టు తీసేస్తారు, ఖాల్సా దీక్షలో జుట్టు ఉంచుకుంటామని ప్రమాణం చేస్తారు; అందువల్ల ఇది సన్యాసాన్నే సన్యసించడం అని ఆయన వాదం. అడవిలో జటలు కట్టిన తపస్వికి దువ్వెన అక్కరలేదు. సిక్కు మాత్రం కేశంతో పాటు కంఘా కూడా ఉంచుకోవాలి, రోజూ దువ్వుకోవాలి, చిక్కు పడనివ్వకూడదు. ఎదగనివ్వడం ఎంత ముఖ్యమో, ఎదిగినదాన్ని క్రమంలో పెట్టుకోవడం అంత ముఖ్యం. ఇల్లూ పిల్లలూ పొలమూ వదలకుండానే దీక్షలో ఉండే గృహస్థుకు ఇంతకన్నా సరిపోయిన గుర్తు దొరకడం కష్టం.

తలపాగా దారి వేరు. అది సిక్కులు కనిపెట్టినది కాదు. రాజస్థాన్ నుంచి తెలంగాణ పల్లెల దాకా మగవాడి తల మీద ఏదో ఒక పాగా ఉండేది. అయితే మొగలాయి కాలంలో పాగా నాణ్యత, కట్టు, దానికి పెట్టుకునే కలికితురాయి ఇవన్నీ హోదాకు కొలతలు. ఆరవ గురువు హర్‌గోవింద్ రెండు ఖడ్గాలు ధరించి, అకాల్ తఖ్త్ అనే పీఠం కట్టించి, రాజలాంఛనాలతో కూర్చున్నప్పుడు వీరగాథలు పాడే ఢాఢీ గాయకులు ఆయన పాగా ముందు జహంగీర్ పాగా ఎంత అని పాడారని చెబుతారు. 1675లో తొమ్మిదవ గురువు తేగ్ బహాదూర్‌ను ఢిల్లీలో శిరచ్ఛేదం చేసినప్పుడు, అక్కడి సిక్కులు భయంతో తమను తాము చాటుకోలేకపోయారని, ఇకమీదట వేలమందిలో నిలబడినా దాగలేని రూపం ఇస్తానని ఆయన కుమారుడు గోవింద్ సింగ్ నిశ్చయించుకున్నాడని మరొక కథనం. ఏది ఎంత చరిత్ర అన్న చర్చ పక్కన పెడితే, ఫలితం స్పష్టం: దొరలకు మాత్రమే తగునన్న రాజలాంఛనపు పాగా, రాజపుత్రులకు మాత్రమే చెందిందన్న సింగ్ అనే పేరు నీళ్ళు మోసేవాడికి, అద్దకంవాడికి, క్షురకుడికి ఒకే రోజు ఒకే తీరున దక్కాయి. పాగాను కిరీటమని సిక్కులు అనడం అలంకారం కోసం కాదు.

ఆ కిరీటానికి చెల్లించిన మూల్యం 18వ శతాబ్దమంతా కనిపిస్తుంది. లాహోర్ సుబేదార్, అంటే మొగలాయి రాష్ట్రపాలకుడు, జకరియా ఖాన్ హయాంలో సిక్కుల తలలకు వెల కట్టారు. 1745లో భాయి తారూ సింగ్‌ను పట్టుకుని, జుట్టు తీయించుకుంటే ప్రాణం దక్కుతుందన్నారు. ఒప్పుకోకపోతే కేశాలతో సహా నెత్తి చర్మమే ఒలిచారు. నేటికీ ప్రతి గురుద్వారాలో రోజూ చేసే అర్దాస్ ప్రార్థనలో నెత్తి ఒలిపించుకున్నవారిని, కేశాలను తుది శ్వాస దాకా నిలుపుకున్నవారిని తలచుకుంటారు. అదే ప్రార్థన చివర దేవుడిని కోరే దానాల జాబితాలో కేశదానం కూడా ఉంటుంది. ఎదుటివారికి ఇచ్చే దానం కాదది, తల మీద కేశం నిలిచేలా అనుగ్రహించమని తాము అడుక్కునే దానం. దేవుడిచ్చిన రూపం అన్న తొలి అర్థం మీద, కులాన్ని కాదన్న రెండవ అర్థం మీద, ఈ అమరుల జ్ఞాపకం మూడవ పొరగా పేరుకుంది. నేడు ఒక సిక్కు తల్లి కొడుకు జుట్టు కత్తిరించాడని ఏడిస్తే ఆ ఏడుపులో ఎక్కువ పాలు ఈ మూడవదే అని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. అందరు సిక్కులూ అన్ని కాలాల్లో కేశధారులు కారు. అమృతం, అంటే ఖాల్సా దీక్ష, పుచ్చుకోకుండా, కేశాలు ఉంచుకోకుండా గురువులను కొలిచే సహజధారులు మొదటి నుంచీ ఉన్నారు. అమృతం పుచ్చుకోకపోయినా కేశాలు ఉంచుకునేవారు కేశధారులు. పుచ్చుకుని తప్పినవారు పతితులు. ఈ గీతలు ఇంత ముదురుగా పడినది 19వ శతాబ్దం చివరలో. 1873లో అమృత్‌సర్‌లో మొదలైన సింగ్ సభ ఉద్యమం ఖాల్సా రూపమే అసలు సిక్కు రూపమని బోధించింది. అదే కాలంలో బ్రిటిష్ సైన్యం సిక్కు పటాలాలలో కేశాలు, పాగా ఉన్నవారినే చేర్చుకుని, ఆ రూపాన్ని చెడనివ్వకుండా కట్టుబాటు పెట్టింది. గురువుల కట్టుబాటును తెల్లదొరల సైనిక నియమావళి బలపరచడం చరిత్రలోని చమత్కారాలలో ఒకటి.

రోజూ కట్టుకునే పాగా సంగతి కొంచెం చెప్పాలి. సాధారణంగా ఐదారు మీటర్ల పల్చని నూలు వాయిల్ బట్ట. ముందు జుట్టును దువ్వి నడినెత్తిన జూడా ముడి వేస్తారు. ఆ తరువాత బట్టను నిలువునా మడతలు పెట్టాలి. దీన్ని పూణీ చేయడం అంటారు, ఒక కొస పట్టుకోవడానికి రెండవ మనిషి ఉంటే పని సులువు. పాగా లోపల నుదుటి దగ్గర త్రికోణంగా వేరే రంగులో తొంగిచూసే బట్ట పేరు ఫిఫ్టీ. బయటికి వచ్చిన వెంట్రుకలను, మడతలను సలాయి అనే సన్నని కడ్డీతో లోపలికి సర్దుతారు. చిన్నపిల్లలకు, ఆటగాళ్ళకు పట్కా అనే చిన్న తలగుడ్డ. నిహంగులు అనే సాయుధ సిక్కు వర్గానిది ఎత్తైన గుండ్రటి దుమాలా. నుదుటికి అడ్డంగా తెల్లగా కట్టేది నామ్‌ధారీలు అనే మరొక సిక్కు శాఖ పద్ధతి. పటియాలా కట్టు వేరు. రంగుకు మతపరమైన నియమం ఏదీ లేదు, వాడుక మాత్రం ఉంది: నీలం నిహంగులకు, అకాలీలకు, ఎరుపు, గులాబీ పెళ్ళికి, తెలుపు పెద్దవారికి, సంతాపానికి. పిల్లవాడికి మొదటిసారి కట్టే వేడుక దస్తార్‌బందీ. తండ్రి పోయాక పెద్దకొడుకు తలకు బంధువులు పాగా చుట్టే రస్మ్ పగ్‌డీ ఉత్తరాది హిందువులలోనూ ఉంది. తేడా ఒక్కటే: అక్కడ ముందు గుండు, తరువాత పాగా, సిక్కు ఇంట్లో పాగా మాత్రమే.

చట్టాలు, న్యాయస్థానాలు ఈ విషయాన్ని పట్టుకోబోయి ఇబ్బంది పడిన తీరు ప్రత్యేకంగా చూడదగ్గది. మన రాజ్యాంగం 25వ అధికరణ వివరణలో కిర్పాన్‌ను పేరు పెట్టి గుర్తించింది, పాగాను, కేశాన్ని ప్రస్తావించలేదు. 1971 నాటి ఢిల్లీ సిక్కు గురుద్వారాల చట్టం మాత్రం కత్తిరించని కేశాలు ఉన్నవారే సిక్కులని నిర్వచించింది. పంజాబ్‌లో వర్తించే 1925 నాటి చట్టం కింద సహజధారులకు గురుద్వారా ఎన్నికల్లో ఓటు ఉండేది. 2003లో కేంద్రం దాన్ని తొలగించింది, 2011లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది, 2016లో పార్లమెంటు చట్టాన్నే సవరించి, సవరణ 2003 నుంచి అమలైనట్టు రాసింది. 2009లో పంజాబ్, హరియాణా హైకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ముందుకు వచ్చిన వ్యాజ్యం మరీ సున్నితమైనది. కనుబొమలు తీయించుకుందన్న కారణంతో ఒక విద్యార్థినికి సిక్కు కోటాలో వైద్యవిద్య సీటు నిరాకరించారు. న్యాయస్థానం వందలాది పుటల తీర్పులో మత చరిత్రను తిరగేసి, కేశాలను చెక్కుచెదరకుండా ఉంచుకోవడం సిక్కు మతంలో అతి ముఖ్యమైన అంగమని నిర్ధారించి, ఆ నిరాకరణను సమర్థించింది. నియమం తర్కం ప్రకారం తీర్పు సరైనదే కావచ్చు. ఏ కులంవాడైనా లోపలికి రావచ్చని పుట్టిన గుర్తు, ఒకరిని బయట నిలబెట్టే కొలతగా మారడం మాత్రం నాకు మింగుడుపడదు.

హెల్మెట్ దగ్గర ప్రశ్న కేశం నుంచి పాగాకు మారుతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ పాగా కట్టిన సిక్కులను మినహాయించింది. సైకిల్ పోటీలో హెల్మెట్ నిబంధన మీద వచ్చిన కేసులో 2018లో సుప్రీంకోర్టు, సిక్కు మతంలో తప్పనిసరి అయినది పాగానా లేక తల కప్పుకోవడమా అని నిలదీసింది. మనం మొదట విడదీసిన ముడే అది. బ్రిటన్ 1976లోనే మోటారు సైకిల్ హెల్మెట్ నుంచి, 1989లో నిర్మాణ స్థలాల్లో శిరస్త్రాణం నుంచి పాగాకు మినహాయింపు ఇచ్చింది. బర్మింగ్‌హామ్‌లో పాగా తీసి, జుట్టు కత్తిరించుకుంటేనే చేర్చుకుంటామని ఒక ప్రైవేటు పాఠశాల ఒక బాలుడిని తిప్పి పంపితే, 1983లో హౌస్ ఆఫ్ లార్డ్స్ సిక్కులు మతమే కాక ఒక జాతి సమూహమని గుర్తించి జాతి వివక్ష చట్టం కింద రక్షణ ఇచ్చింది. ఫ్రాన్స్ ఇందుకు పూర్తిగా ఎదురు దారి పట్టి, 2004 చట్టంతో ప్రభుత్వ పాఠశాలల్లో మతచిహ్నాలను నిషేధించింది. పాగా బదులు చిన్న కేస్కీ కట్టుకుని వచ్చిన విద్యార్థిని కూడా వెళ్ళగొట్టారు. అది అతని మతస్వేచ్ఛకు భంగమని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2012లో తేల్చింది. ఫ్రెంచి అధికారి కంటికి అది తీసి బల్ల మీద పెట్టగల టోపీ. సిక్కు పిల్లవాడికి దాన్ని తీయడమంటే నలుగురిలో జుట్టు విరబోసుకుని నిలబడటం, అంటే ఒంటి మీది బట్ట విప్పడంతో సమానం.

దాగలేని రూపం కావాలన్న కోరిక తీరింది. దాని వెనుకే ప్రమాదమూ వచ్చింది. 1984 నవంబరులో, ఇందిరా గాంధీ హత్య తరువాత, ఢిల్లీలో గుంపులు పాగాలను చూసే మనుషులను పట్టుకున్నాయి. అధికారిక లెక్క ప్రకారమే ఆ నగరంలో 2,733 మంది చనిపోయారు. ప్రాణం కోసం ఎన్నో ఇళ్ళలో తల్లులే కత్తెర తీసుకుని భర్తల, కొడుకుల జుట్టు కత్తిరించారు. 2001 సెప్టెంబరు దాడులు జరిగిన నాలుగు రోజులకు అమెరికాలోని అరిజోనాలో బల్బీర్ సింగ్ సోధీని కాల్చి చంపిన వ్యక్తి కూడా చూసింది పాగానే. ఎవరి మీది కోపమో ఆయన మీద పడింది.

1984లో కత్తిరించిన జుట్టును మళ్ళీ పెంచుకున్నవారు ఉన్నారు, పెంచుకోనివారూ ఉన్నారు. దీక్ష పుచ్చుకున్నాక కేశాలు తీయించుకున్నవారికి రహిత్ మర్యాదా ఒక్కటే దారి చూపుతుంది: అమృతం తిరిగి పుచ్చుకోవడం. దీక్ష ఇవ్వడానికి పూజారి ఉండడు, కులం అడగరు; దీక్షలో ఉన్న ఐదుగురు కలిసి ఇస్తారు, వారిలో స్త్రీలు కూడా ఉండవచ్చు. తలస్నానం చేసి, తల కప్పుకుని, ఐదు కకారాలతో వచ్చి నిలబడాలి. ఇనుప పాత్రలో ఖండా అనే రెండంచుల కత్తితో కలిపిన పంచదార నీటిని ఐదుసార్లు తాగిస్తారు, ఐదుసార్లు కళ్ళ మీద చల్లుతారు, చివరి ఐదుసార్లు జుట్టులో పోస్తారు.